సూరత్ మరమగ్గాల కార్మికుడి నడుంనొప్పి: నొప్పి వైద్య నిపుణుల వద్ద ఏం ఆశించాలి, ఏం ఆశించకూడదు?

సూరత్ మరమగ్గాల షెడ్డులో పన్నెండు గంటల పాళీ ముగించుకొని బయటికి వచ్చే కార్మికుడికి నడుంనొప్పి కొత్త కాదు. పాళీ దిగగానే మందుల దుకాణంలో ఒక గోలీ, మరీ భరించలేని నాడు వీధి చివరి క్లినిక్‌లో ఒక సూది, మరునాడు మళ్లీ మగ్గం. ఏళ్ల తరబడి ఇలా నెట్టుకొచ్చిన తరువాత, కాలు తిమ్మిరెక్కి నడక తడబడినప్పుడో, గోలీల వల్ల కడుపులో పుండు పడినప్పుడో, నొప్పి వైద్య నిపుణులను కలవమని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. ఆ నిపుణులు ఎవరు, వారు ఏం చేస్తారు, ఎంతవరకు చేయగలరు అన్నది చాలామందికి తెలియదు.

ఈ ప్రశ్నకు 2025 పరిణామాలు ప్రాధాన్యం పెంచాయి. దీర్ఘకాలిక వెన్నునొప్పికి విరివిగా ఇచ్చే ఇంజెక్షన్ల ప్రయోజనాన్ని ప్రశ్నిస్తూ ఆ ఏడాది ఫిబ్రవరిలో ‘బీఎంజే’ వైద్య పత్రిక అంతర్జాతీయ నిపుణుల మార్గదర్శకాలను ప్రచురించింది. జూలైలో గుజరాత్ ప్రభుత్వం ఒక ఆర్డినెన్సు ద్వారా కర్మాగారాల్లో రోజువారీ పని గంటల పరిమితిని 9 నుంచి 12కు పెంచేందుకు వీలు కల్పించింది. సెప్టెంబరులో శాసనసభ ఆ మేరకు బిల్లును ఆమోదించింది. వారానికి 48 గంటలు మించరాదని, కార్మికుడి లిఖితపూర్వక సమ్మతి ఉండాలని అందులో షరతులున్నాయి. నవంబరు 21న నాలుగు కార్మిక స్మృతులు దేశవ్యాప్తంగా అమల్లోకి వచ్చాయి. వైద్యం, పని గంటలు, సామాజిక భద్రత అనే ఈ మూడు అంశాలూ మరమగ్గాల కార్మికుడి విషయంలో విడదీయరానివి. వైద్యులు రాసిచ్చే చికిత్సను పాటించగలడా లేదా అన్నది అతని పాళీ మీద, కూలి లెక్క మీద ఆధారపడి ఉండటమే అందుకు కారణం.

మగ్గం నుంచి నడుము దాకా

ఉమ్మడి కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి పద్మశాలీలు, ఇతర చేతివృత్తుల వారు దశాబ్దాలుగా సూరత్‌కు, మహారాష్ట్రలోని భివండీ, సోలాపూర్‌లకు వలస వెళ్తున్నారు. సూరత్ మహానగర పాలక సంస్థ నడిపే పాఠశాలల్లో గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఆంగ్ల మాధ్యమాలతో పాటు తెలుగు మాధ్యమం కూడా ఉండటం అక్కడి తెలుగువారి సంఖ్యకు నిదర్శనం. వరంగల్ సమీపంలో కాకతీయ మెగా జౌళి పార్కుకు 2017 అక్టోబరులో శంకుస్థాపన జరిగినప్పుడు, ఇలా వలస వెళ్లిన నేతన్నలను వెనక్కి రప్పించడం దాని లక్ష్యాల్లో ఒకటిగా ప్రకటించారు. అయినా లింబాయత్, డిండోలీ, ఉధ్నా వంటి ప్రాంతాల్లో తెలుగు కుటుంబాలు నేటికీ స్థిరంగా ఉన్నాయి.

సిరిసిల్ల ప్రాంతంలో ‘సాంచాలు’ అని పిలిచే మరమగ్గాల పనిలో కూర్చునే వీలు తక్కువ. ఒక్కో కార్మికుడు అనేక మగ్గాలను చూసుకోవాలి. వాటి మధ్య అటూ ఇటూ తిరుగుతూ, తెగిన పోగును అతికేందుకు ముందుకు వంగుతూ, కండెలు మారుస్తూ గంటలు గడుస్తాయి. పడుగు చుట్టిన బీములు, నేసిన గుడ్డ చుట్టలు ఎత్తి మోయడం వేరే భారం. కాళ్ల కింద గట్టి నేల, ఎడతెగని చప్పుడు, అదురు. వంగి లేవడం, మెలితిరిగి బరువెత్తడం, గంటల తరబడి నిలబడటం మూడూ నడుముపై ఒత్తిడి పెంచేవే. ఇంటి వద్ద చీరలకు రాళ్లు అతికించే పనిలో నేలపై వంగి కూర్చునే మహిళలకు మెడ, భుజాలు, మోకాళ్లు బాధిస్తాయి.

నడుంనొప్పి సూరత్‌కే పరిమితం కాదు. 2020లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 61.9 కోట్ల మంది దీనితో బాధపడ్డారని, 2050 నాటికి ఆ సంఖ్య 84 కోట్లు దాటవచ్చని అంతర్జాతీయ వ్యాధిభార అధ్యయనం అంచనా వేసింది. మనుషులను వైకల్యంతో జీవించేలా చేసే కారణాల్లో ప్రథమ స్థానం దీనిదే.

నొప్పి వైద్యులు ఎవరు?

భారతదేశంలో నొప్పి వైద్యాన్ని ప్రత్యేక శాఖగా అభ్యసించిన వారిలో అధికులు అనస్థీషియా విభాగం నుంచి వచ్చినవారు. జనం వ్యవహారంలో వీరే ‘మత్తు డాక్టర్లు’. శస్త్రచికిత్స సమయంలో నొప్పి తెలియకుండా చేసే విద్యలో ఆరితేరినవారు కావడంతో, నరాల మార్గాలపైనా, నొప్పి మందులపైనా వారికి లోతైన పరిచయం ఉంటుంది. ఎముకల వైద్యం, నరాల వైద్యం, ఫిజికల్ మెడిసిన్ విభాగాల నుంచి ఈ శాఖలోకి వచ్చినవారూ ఉన్నారు. ఎంబీబీఎస్ తరువాత పీజీ చదివి, ఆపై నొప్పి చికిత్సలో ప్రత్యేక శిక్షణ పొందారా అన్నది రోగి నిస్సంకోచంగా అడిగి తెలుసుకోదగిన విషయం.

ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రుల్లో నొప్పి చికిత్సకు వేరే విభాగం కనిపించకపోవచ్చు. సూరత్‌లో ప్రభుత్వ వైద్య కళాశాలకు అనుబంధమైన న్యూ సివిల్ ఆసుపత్రి, నగరపాలక సంస్థ ఆధ్వర్యంలోని స్మిమర్ ఆసుపత్రి పెద్ద ప్రభుత్వరంగ వైద్యాలయాలు. ఇటువంటి చోట్ల అనస్థీషియా విభాగంలో నొప్పి ఓపీ ఉందా, ఉంటే ఏ రోజుల్లో అని విచారణ కౌంటరులో అడగడం తొలి మెట్టు. లేకపోతే ఎముకల విభాగం లేదా ఫిజియోథెరపీ విభాగం ద్వారా ముందుకు వెళ్లవచ్చు.

మూడు నెలలకు మించి కొనసాగే నొప్పిని వైద్యశాస్త్రం దీర్ఘకాలిక నొప్పిగా పరిగణిస్తుంది. 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ 11వ కూర్పు, వేరే వ్యాధికి లక్షణంగానే కాక, దీర్ఘకాలిక నొప్పిని స్వయంగా ఒక వ్యాధిగా కూడా గుర్తించింది. దీనిని మగ్గం పరిభాషలో చెప్పుకోవచ్చు. పోగు తెగినప్పుడు మగ్గం ఆగేలా చేసే ఏర్పాటు చెడిపోతే, పోగు తెగకపోయినా మగ్గం పదే పదే ఆగుతుంది. అదే విధంగా, దెబ్బ మానిన తరువాత కూడా నరాల వ్యవస్థ అతిగా స్పందిస్తూ నొప్పిని కొనసాగించగలదు. ఆ నొప్పి కల్పితం కాదు. అయితే దానికి చికిత్స తెగని పోగు కోసం వెతకడం కాదు, చెడిన ఏర్పాటును సరిదిద్దడం.

మొదటిసారి వెళ్లినప్పుడు

తొలి సంప్రదింపులో పరీక్షల కన్నా ప్రశ్నలు ఎక్కువగా ఉంటాయి. నొప్పి ఎప్పుడు మొదలైంది, ఎక్కడి నుంచి ఎక్కడికి పాకుతుంది, ఏం చేస్తే పెరుగుతుంది, ఏం చేస్తే తగ్గుతుంది అని అడుగుతారు. మనిషి బొమ్మ ఇచ్చి నొప్పి ఉన్న చోట గీయమనవచ్చు. నొప్పి లేకపోవడాన్ని 0గా, ఊహించగల అత్యంత తీవ్రమైన నొప్పిని 10గా తీసుకొని తన నొప్పికి ఒక అంకె చెప్పమంటారు. ఇది పరీక్షలో మార్కుల వంటిది కాదు. ఎక్కువ చెబితేనే వైద్యులు పట్టించుకుంటారన్న భయంతో ప్రతిసారీ 10 అని చెబితే, మందు పని చేస్తున్నదీ లేనిదీ తెలుసుకునే వీలు పోతుంది.

తరువాతి ప్రశ్నలు రోజువారీ జీవితం గురించి. ఎంతసేపు నిలబడగలరు, ఎంత దూరం నడవగలరు, రాత్రి ఎన్ని గంటలు నిద్ర పడుతుంది, దిగులుగా ఉంటున్నదా, పని మానేయాలనిపిస్తున్నదా అని అడుగుతారు. నిద్ర గురించి, మనసు గురించి అడగగానే ‘నా నొప్పిని నమ్మడం లేదు’ అని కొందరు నొచ్చుకుంటారు. నిజానికి నిద్రలేమి, ఆందోళన నొప్పిని పెంచుతాయి. నొప్పి వాటిని పెంచుతుంది. అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం 2020లో సవరించిన నిర్వచనానికి జతచేసిన వివరణల్లో, తనకు నొప్పిగా ఉందని మనిషి చెప్పే మాటను గౌరవించాలని స్పష్టంగా పేర్కొంది.

ఆపై శరీర పరీక్ష. మడమలపైనా, మునివేళ్లపైనా నడిపిస్తారు. వెల్లకిలా పడుకోబెట్టి కాలును నిటారుగా పైకి లేపి చూస్తారు. మోకాలి వద్ద సుత్తితో తట్టి నరాల స్పందనను గమనిస్తారు. కాలిపై స్పర్శ సమానంగా ఉందో లేదో చూస్తారు. ఇంతవరకు వాడిన మందులన్నీ చెప్పడం అత్యవసరం. పేరు తెలియని గోలీ అయితే ఖాళీ పట్టీ తీసుకువెళ్లినా చాలు. మధుమేహం, రక్తపోటు, మూత్రపిండాల సమస్య, రక్తం పలుచబరిచే మందులు, గుట్కా, బీడీ, మద్యం అలవాట్లు దాచకూడదు. వాటిని బట్టే ఏ మందు సురక్షితమో తేలుతుంది.

ఇవన్నీ అయ్యాక మొదటి రోజే ఇంజెక్షన్ ఇవ్వకుండా, వ్యాయామం, మందు, రెండు మూడు వారాల తరువాత మళ్లీ రమ్మని సలహా మాత్రమే ఇచ్చి పంపితే, వైద్యులు ఏమీ చేయలేదని భావించనవసరం లేదు. చాలా సందర్భాల్లో సరైన ఆరంభం అదే.

‘దర్ద్’ అన్న ఒక్క మాట చాలదు

నొప్పిని కొలిచే యంత్రం లేదు. రోగి నోటి మాటే వైద్యుడికి ప్రధాన ఆధారం. తెలుగులో నొప్పికి ఉన్న మాటల సంపద చిన్నది కాదు. పోటు, సలుపు, గుంజుడు, పీకు, మంట, తిమ్మిరి, మొద్దుబారడం, సూదులతో పొడిచినట్లుండటం, కరెంటు షాకులా జివ్వున లాగడం... ఇవన్నీ వేర్వేరు అనుభవాలు. వైద్యపరంగానూ వీటికి భేదం ఉంది. మంట, షాకు కొట్టినట్లుండటం, తిమ్మిరి, సూదిపోట్లు, మొద్దుబారడం నరం దెబ్బతిన్నప్పటి నొప్పిని సూచించే లక్షణాలు. సలుపు, బరువు, పట్టేసినట్లుండటం కండరాలు, కీళ్ల వైపు దృష్టి మళ్లిస్తాయి. రెండింటికీ ఇచ్చే మందులు వేరు.

సూరత్‌లో వైద్యులతో సంభాషణ గుజరాతీలోనో హిందీలోనో సాగుతుంది. పని చోట నేర్చిన హిందీతో బేరం చేయవచ్చు, బస్సెక్కవచ్చు. ‘జివ్వున లాగుతున్నది’ అని చెప్పడం మాత్రం కష్టం. చివరికి అన్నీ ‘దర్ద్’ అన్న ఒక్క మాటలోకి కుదించుకుపోతాయి. దాంతో నరాల నొప్పితో వచ్చినవారు కూడా మామూలు నొప్పి గోలీతోనే తిరిగి వెళ్లే ప్రమాదం ఉంది.

దీనికి ఉపాయాలు లేకపోలేదు. బయలుదేరే ముందే లక్షణాలను తెలుగులో ఒక కాగితంపై రాసుకొని, హిందీ, గుజరాతీ బాగా తెలిసినవారితో అనువదింపజేసుకోవచ్చు. బడికి వెళ్లే పిల్లలను దుబాసీలుగా తీసుకువెళ్లడం వలస కుటుంబాల్లో సహజం. అయితే మలమూత్రాల ఇబ్బంది, దాంపత్య జీవితం, మద్యం, నిరాశ వంటివి పిల్లల ఎదుట పెద్దలు చెప్పలేరు. నిర్ధారణకు కీలకమైన విషయాలు కొన్నిసార్లు అవే. ఇరుగుపొరుగులో ఒక పెద్దమనిషిని, మహిళలైతే మరో మహిళను వెంట తీసుకువెళ్లడం మేలు. పని వివరాలు కూడా తప్పక చెప్పాలి. ఎన్ని గంటల పాళీ, పగలా రాత్రా, ఎంత బరువు ఎత్తాలి అన్నవి తెలియకుండా నడుముకు సలహా చెప్పడం సాధ్యం కాదు.

స్కానింగ్‌లో కనిపించేదంతా కారణం కాదు

‘ఎంఆర్ఐ తీయలేదు, ఇదేం వైద్యం’ అన్న అసంతృప్తి తరచు వినిపిస్తుంది. 2015లో ప్రచురితమైన ఒక సమగ్ర సమీక్ష, ఏ నొప్పీ లేని 3,110 మంది వెన్ను స్కానింగుల ఫలితాలను క్రోడీకరించింది. ఇరవై ఏళ్ల వయసువారిలో 37 శాతం మందికి, ఎనభై ఏళ్లవారిలో 96 శాతం మందికి డిస్కు అరుగుదల కనిపించింది. డిస్కు ఉబ్బు ఇరవై ఏళ్లవారిలోనే 30 శాతం మందికి ఉంది. వీరెవరికీ నడుంనొప్పి లేదు.

అందువల్ల స్కానింగు నివేదికలో ‘డిస్కు ఉబ్బింది’ అని ఉన్నంత మాత్రాన నొప్పికి అదే మూలమని తేల్చలేరు. ఆ వాక్యం చదివి జీవితాంతం బరువెత్తకూడదేమోనని భయపడి కదలికలు మానుకుంటే కండరాలు బలహీనపడి నొప్పి మరింత పెరుగుతుంది. పరీక్షలో కనిపించిన లక్షణాలకు, స్కానింగుకు పొంతన కుదిరినప్పుడే దానికి విలువ.

మరికొన్ని సందర్భాల్లో ఆలస్యం చేయడమే ప్రమాదం. మలమూత్రాలపై అదుపు తప్పడం, మూత్రం రాకపోవడం, తొడల మధ్య భాగంలో స్పర్శ పోవడం, కాలు బలం రోజురోజుకూ తగ్గడం కనిపిస్తే నొప్పి క్లినిక్ కోసం ఆగకుండా అదే రోజు పెద్దాసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లాలి. నడుంనొప్పితో పాటు సాయంత్రపు జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం ఉంటే వెన్నెముక క్షయను అనుమానించాలి. గతంలో క్యాన్సర్ ఉన్నవారికి కొత్తగా వెన్నునొప్పి వచ్చినా, పైనుంచి పడిన తరువాత నొప్పి వచ్చినా వెంటనే పరీక్షలు అవసరం.

మందులు, రాత్రి పాళీ

మందుల దుకాణంలో సులభంగా దొరికే నొప్పి గోలీల్లో చాలావరకు వాపు తగ్గించే కోవకు చెందినవి. కొద్ది రోజులకు అవి ఉపయోగకరమే. నెలల తరబడి రోజూ వాడితే కడుపులో పుండ్లు, రక్తస్రావం, మూత్రపిండాలకు నష్టం, రక్తపోటు పెరగడం వంటి ముప్పులున్నాయి. వేడి షెడ్డులో చెమటోడుస్తూ, తగినంత నీరు తాగకుండా ఈ గోలీలు వాడేవారి మూత్రపిండాలకు ప్రమాదం మరీ ఎక్కువ. నొప్పి వైద్యులు చేసే మొదటి మేలు తరచుగా ఈ గోలీలను ఆపించడమే.

నరాల నొప్పికి అమిట్రిప్టిలిన్, డులోక్సెటిన్, గాబాపెంటిన్, ప్రీగాబాలిన్ వంటివి రాస్తారు. వీటిలో కొన్ని దిగులుకు, కొన్ని మూర్ఛకు కూడా వాడేవి. మందుల దుకాణంలో ఆ సంగతి విని ‘నాకు పిచ్చి మందు రాశారు’ అని మానేసేవారున్నారు. ఇవే మందులు నరాల సంకేతాలను శాంతింపజేస్తాయి కనుకనే నొప్పికి రాస్తారు. గోలీ వేసిన గంటలో ఫలితం కనిపించదు. తక్కువ మోతాదుతో మొదలై, కొన్ని వారాలకు పనితనం తెలుస్తుంది. వైద్యులను అడగకుండా హఠాత్తుగా ఆపకూడదు.

ఇక్కడే పాళీ సమస్య ఎదురవుతుంది. ఈ మందులు నిద్రమత్తు, తూలు కలిగించవచ్చు. రాత్రి పడుకునే ముందు వేసుకోమన్న గోలీని రాత్రి పాళీ కార్మికుడు ఎప్పుడు వేసుకోవాలి? తిరిగే బెల్టుల మధ్య, కదిలే మగ్గాల పక్కన మగత ప్రాణాంతకం కావచ్చు. పాళీ వేళలు వైద్యులకు చెప్పాలనడం ఇందుకే. ట్రామడాల్ వంటి మందులను సొంతంగా కొని వాడటం మరో ఉచ్చు. అలవాటుగా మారే ఈ మందును కేంద్రం 2018లో మాదకద్రవ్యాల నియంత్రణ చట్టం పరిధిలోకి తెచ్చింది. క్యాన్సర్ నొప్పి విషయం వేరు. దానికి మార్ఫిన్ అవసరమైన, విలువైన ఔషధం. 2014లో చట్ట సవరణ చేసింది అటువంటి రోగులకు అందుబాటు పెంచేందుకే.

2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ, నిర్దిష్ట కారణం తేలని దీర్ఘకాలిక నడుంనొప్పిపై మార్గదర్శకాలు వెలువరించింది. నొప్పిపై అవగాహన కల్పించడం, వ్యాయామం, కొన్ని శారీరక చికిత్సలు, మనస్తత్వ చికిత్స, అవసరాన్ని బట్టి వాపు తగ్గించే మందులను సూచించింది. నల్లమందు కోవకు చెందిన మందులను, నడుము బెల్టులను, బరువులు కట్టి లాగే ట్రాక్షన్‌ను సాధారణ చికిత్సగా వద్దన్నది. మన ఊళ్లలో నడుంనొప్పి అనగానే బెల్టు కొనడం ఆనవాయితీగా ఉన్న నేపథ్యంలో ఇది గమనార్హం.

సూదిమందుపై వివాదం

నొప్పి క్లినిక్ అనగానే ఎక్కువమందికి గుర్తొచ్చేది వెన్నులో ఇచ్చే ఇంజెక్షన్. ఎక్స్‌రే తెర సాయంతో నరం సమీపంలో స్టెరాయిడ్, మత్తుమందు కలిపి ఇస్తారు. వేడి ద్వారా నరాల సంకేతాలను నిలిపివేసే రేడియోఫ్రీక్వెన్సీ పద్ధతి మరొకటి. సాధారణంగా అదే రోజు ఇంటికి పంపుతారు. ఇన్ఫెక్షన్, రక్తస్రావం, మధుమేహ రోగుల్లో చక్కెర స్థాయి పెరగడం వంటి ముప్పులుంటాయి.

మూడు నెలలకు మించిన, క్యాన్సర్‌తో గాని వాత సంబంధమైన కీళ్లవాపుతో గాని సంబంధం లేని వెన్నునొప్పికి ఇటువంటి ప్రక్రియలను సిఫారసు చేయరాదని 2025 ఫిబ్రవరి నాటి బీఎంజే మార్గదర్శకాలు గట్టిగా చెప్పాయి. ఉత్తుత్తి ప్రక్రియతో పోల్చినప్పుడు వీటి అదనపు ప్రయోజనం స్వల్పం లేదా శూన్యమన్నది వాటి సారాంశం. నొప్పి వైద్యుల సంఘాలు దీనితో విభేదించాయి. రోగులను జాగ్రత్తగా ఎంపిక చేస్తే కొందరికి, ముఖ్యంగా కాలిలోకి పాకే నొప్పి ఉన్నవారికి, కొంతకాలం ఉపశమనం కలుగుతుందని, ఆ వ్యవధిలో వ్యాయామం సాధ్యమవుతుందని వాదించాయి.

నిపుణులే ఏకాభిప్రాయానికి రానప్పుడు, అప్పు చేసి ఇంజెక్షన్ల ప్యాకేజీ కొనమని తొందరపెట్టే చోట ఆగి ఆలోచించడం ఉత్తమం. అడగవలసిన ప్రశ్నలు నాలుగు. నా నొప్పికి ఇది ఎందుకు సరిపోతుంది? ఎంత తగ్గుతుందని, ఎంతకాలం తగ్గుతుందని ఆశించవచ్చు? ప్రమాదాలేమిటి? చేయించుకోకపోతే ఏమవుతుంది? ఈ ప్రశ్నలకు ఓపికగా జవాబిచ్చే వైద్యులను నమ్మవచ్చు. స్టెరాయిడ్ ఇస్తున్నారో లేదో చెప్పకుండా వీధి క్లినిక్‌లో పదే పదే పొడిచే సూదులకు ఈ వివాదంతో సంబంధం లేదు. వాటికి దూరంగా ఉండవలసిందే.

విశ్రాంతి రోజులకు కూలి ఎవరిస్తారు?

‘రెండు వారాలు బరువులు ఎత్తకండి, గంటకోసారి కూర్చోండి, రోజూ అరగంట వ్యాయామం చేయండి.’ వైద్యపరంగా ఇది మంచి సలహా. నేసిన మీటర్ల లెక్కన కూలి తీసుకునేవారికి మాత్రం దీని అర్థం ఆదాయం కోల్పోవడమే. మగ్గం వదిలితే ఆ చోట మరొకరు చేరతారు. చికిత్స మధ్యలో ఆగిపోవడానికి నిర్లక్ష్యం కన్నా ఈ లెక్క పెద్ద కారణం.

ఈ లోటును పూడ్చేందుకు ఉద్దేశించినదే ఈఎస్ఐ. నెలకు 21,000 రూపాయల వరకు వేతనం ఉన్నవారికి, సాధారణంగా పది మంది లేదా అంతకు మించి పనిచేసే చోట ఇది వర్తిస్తుంది. అర్హత ఉన్నవారికి వైద్యంతో పాటు, అనారోగ్య సెలవు కాలానికి వేతనంలో 70 శాతం చొప్పున ఏడాదికి 91 రోజుల వరకు నగదు లభిస్తుంది. దీర్ఘకాలిక వ్యాధుల జాబితాలో ఉన్నవాటికి 80 శాతం చొప్పున రెండేళ్ల వరకు పొడిగిస్తారు. 34 వ్యాధుల ఆ జాబితాలో వెన్నుపూస డిస్కు జారడం కూడా ఉంది. రెండేళ్ల నిరంతర బీమా ఉద్యోగం, కనీసం 156 రోజుల చందా వంటి షరతులు దీనికి వర్తిస్తాయి. కోల్‌కతాలోని సియాల్దాలో నొప్పి చికిత్సకే ప్రత్యేకించిన సంస్థను ఈఎస్ఐ నడుపుతోంది. కార్మికుల బీమా వ్యవస్థలో నొప్పి వైద్యానికి చోటు కల్పించడం సాధ్యమేనని దాని వల్ల రుజువవుతోంది.

అయితే చిన్న చిన్న షెడ్లుగా విడిపోయిన మరమగ్గాల పరిశ్రమలో హాజరు పట్టీలో పేరు, వేతన చీటీ, గుర్తింపు కార్డు లేని కార్మికులు ఎందరో. పేరే లేనిచోట చందా ఉండదు, చందా లేనిచోట సెలవు వేతనం ఉండదు. కొత్త స్మృతుల ప్రకారం కార్మికులందరికీ నియామక పత్రం ఇవ్వాలి. నలభై ఏళ్లు దాటినవారికి ఏటా ఉచిత వైద్య పరీక్షలు జరిపించాలి. పది మంది కన్నా తక్కువ ఉన్న సంస్థలు కూడా, యజమాని, మెజారిటీ కార్మికులు అంగీకరిస్తే, ఈఎస్ఐలో చేరవచ్చు. ఇవి కాగితం దాటి షెడ్డు దాకా వస్తేనే వైద్యుడి చీటీకి విలువ.

చట్టంలో మరో ఖాళీ ఉంది. యజమానులు, వైద్యులు ప్రభుత్వానికి తెలియజేయవలసిన వృత్తి వ్యాధుల జాబితా పాత కర్మాగారాల చట్టంలోనూ, కొత్త స్మృతిలోనూ 29 అంశాలతో ఉంది. అందులో చప్పుడు వల్ల వచ్చే చెవుడుకు చోటుంది. వంగి, ఎత్తి, నిలబడి అరిగిన నడుముకు లేదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2010లో సవరించిన జాబితాలో మాత్రం కండరాలు, ఎముకలకు సంబంధించిన వృత్తి వ్యాధులకు ప్రత్యేక విభాగం ఉంది. లెక్కలోకి రాని నొప్పి విధానాల్లోకీ రాదు. నలభై దాటినవారి వార్షిక పరీక్షల్లో నడుము, మెడ, మోకాళ్ల గురించి నాలుగు ప్రశ్నలు చేర్చినా సమస్య పరిమాణం బయటపడుతుంది.

ఆయుష్మాన్ భారత్ వంటి పథకాలపై ఆధారపడేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. అవి ప్రధానంగా ఆసుపత్రిలో చేరి పొందే చికిత్సకు ఉద్దేశించినవి. దీర్ఘకాలిక నొప్పికి కావలసిన ఓపీ సంప్రదింపులు, ఫిజియోథెరపీ, నెలవారీ మందులు చాలావరకు వాటి పరిధిలోకి రావు. అందుకే శస్త్రచికిత్సకు డబ్బు దొరికి, వ్యాయామం నేర్పించే వారాలకు డబ్బు దొరకని విచిత్ర పరిస్థితి ఏర్పడుతోంది.

నయం కావడం అంటే

నొప్పి పూర్తిగా మాయమవుతుందన్న ఆశతో వెళ్లినవారికి నొప్పి వైద్యం నిరాశ కలిగించవచ్చు. దీర్ఘకాలిక నొప్పిలో 30 శాతం తగ్గుదలను, అంటే పదింట రెండు పాయింట్ల మేర ఉపశమనాన్ని, వైద్య పరిశోధనలు అర్థవంతమైన మెరుగుదలగా లెక్కిస్తాయి. 7 దగ్గర ఉన్నవారు 5కు రావడం కాగితంపై చిన్న మార్పు. ఆరు గంటలు నిద్రపోవడం, గోలీ లేకుండా పాళీ పూర్తిచేయడం, పిల్లవాడిని ఎత్తుకోగలగడం అయితే పెద్ద మార్పే. అందుకే తొలిరోజే ‘ఏ పని మళ్లీ చేయగలగాలి’ అని వైద్యులతో కలిసి ఒక లక్ష్యం పెట్టుకోవడం మంచిది. కొన్ని నెలల్లో ఆ దిశగా కదలిక లేకపోతే చికిత్సను మార్చమని అడిగే హక్కు రోగికి ఉంది.

సెలవుల్లో నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి వరంగల్‌లో దిగిన తరువాత, సొంత భాషలో చెప్పుకోవచ్చని అక్కడ మరో వైద్యుడికి చూపించుకునేవారూ ఉన్నారు. భాషాపరంగా అది మేలే. కానీ సూరత్ కాగితాలు సూరత్‌లో, వరంగల్ కాగితాలు వరంగల్‌లో ఉండిపోతే ప్రతి చోటా చికిత్స మొదటి నుంచి మొదలవుతుంది. అవే గోలీలు, అవే స్కానింగులు తిరిగి వస్తాయి. మందుల చీటీలు, నివేదికలు, వాడి మానేసిన మందుల పేర్లు ఒకే సంచిలో ఉంచి రెండు ఊళ్లకూ వెంట తీసుకువెళ్లడం ఖర్చు లేని జాగ్రత్త. ఆ సంచిలోనే నియామక పత్రం, ఈఎస్ఐ కార్డు కూడా ఉండే రోజు వస్తే, రెండు వారాల విశ్రాంతి అన్న సలహాను కార్మికుడు కూలి పోతుందన్న భయం లేకుండా పాటించగలుగుతాడు.